నిత్రాణ ఎవరి ఖాతాలో?

‘నిత్రాణ’ అనే మాటకి వైద్య పుస్తకాల్లో చోటు లేదు. కర్నూలు, కడప ప్రాంతాల్లో మాత్రం ఆడవాళ్ళ నోట అది తరచుగా వినపడుతుంది. నీరసం కంటే కాస్త ఎక్కువ, జబ్బు కంటే కాస్త తక్కువ. మంచాన పడేంత కాదు కాబట్టి పని మానడానికి వీల్లేదు. పని చేద్దామంటే ఒళ్ళు లేవదు. 2022లో స్త్రీల శ్రమ కథనాలు సేకరించడానికి ఆదోని, బేతంచెర్ల, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు తిరిగినప్పుడు నేను జబ్బుల గురించి అడగలేదు. పని గురించే అడిగాను. జవాబులు మాత్రం ఒంటి దగ్గరికి వచ్చి ఆగేవి. వాళ్ళు నిత్రాణకి తేదీలు వేసి చెబుతారు. ఒకామెకి ‘చికెన్ గున్యా వచ్చిపోయినప్పట్నుంచి’. ఇంకొకామెకి ‘గర్భసంచి తీసేసినప్పట్నుంచి’. చాలామందికి ‘కరోనా తగ్గినాక’. కొందరి ఒంట్లో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

వీటిని విడదీయడం ఎలా? అది డాక్టర్ల పని అని, సాహిత్యం చదువుకున్న నేను తప్పుకోవచ్చు. కానీ ఏ బాధని ఏ పేరుతో రాయాలన్నది చరిత్రకి సంబంధించిన ప్రశ్న కూడా. రాసిన పేరుని బట్టే మందు, సెలవు, పరిహారం వస్తాయి. లేదా రావు.

చికున్‌గున్యాతో మొదలుపెడతాను. రాయలసీమ స్త్రీల జ్ఞాపకంలో అది ఇంకా పాతబడలేదు. ఆ పేరు ఆఫ్రికాలోని మకొండే భాషది, నొప్పులతో ఒళ్ళు వంగిపోవడాన్ని చెబుతుంది. 1952-53లో ఇప్పటి టాంజానియాలో ఈ జ్వరాన్ని గుర్తించారు. మన దేశానికి 1963లో కలకత్తాకి వచ్చింది. 1965లో విశాఖ, రాజమండ్రి, కాకినాడల్లో కనపడింది. 1973 తర్వాత అందరూ మర్చిపోయారు. మళ్ళీ 2005 చివర్లో వచ్చినప్పుడు ముందుగా వచ్చింది మన రాష్ట్రానికే, అందులోనూ రాయలసీమ జిల్లాలు ముందు వరసలో ఉన్నాయి. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది మొదట్లో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్ళలో బర్డ్ ఫ్లూ బయటపడింది. రెండు వార్తలూ కలిసిపోయి జనం నోట ‘చికెన్ గున్యా’ స్థిరపడింది. కోడికూర తింటే వస్తుందన్నవాళ్ళూ ఉన్నారు. దోమ సంగతి వెనక్కి పోయింది.

2006లోనే, ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో కడప కూడా ఉంది. ‘కరువు పని’ అని పిలుచుకున్న ఆ పనిలో తవ్విన మట్టిని కొలిచి కూలి కట్టేవారు. జ్వరం వారంలో తగ్గుతుంది. కీళ్ళ నొప్పులు మాత్రం నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ముఖ్యంగా వేళ్ళు, మణికట్లు, చీలమండలు పొద్దున్నే బిగుసుకుపోతాయి. పార పట్టుకోవాలన్నా, శనక్కాయలు వలవాలన్నా, జొన్నరొట్టె తట్టాలన్నా ఆ చేతులే కావాలి. జ్వరం చంపలేదు కాబట్టి లెక్క అక్కడితో మూసేశారు. తగ్గిన కూలి ఏ లెక్కలోకీ రాలేదు.

లెక్క మూసేయడం ఇక్కడ కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా ఎంత నష్టపోయిందంటే 1871, 1881 జనగణనల మధ్య అక్కడి జనాభా పావు వంతుకు పైగా తగ్గిపోయింది. ఆకలితో చనిపోయిన వాళ్ళు రికార్డుల్లో కలరా, విరేచనాలు, జ్వరం కింద చేరిపోతున్నారని మద్రాసు శానిటరీ కమిషనర్ కోర్నిష్ అప్పుడే మొత్తుకున్నాడు. రోజుకి ఒక పౌండు ధాన్యం చాలన్న రిచర్డ్ టెంపుల్‌తో ఆయన తగువు పడింది కూడా ఇందుకే. ‘జ్వరం’ అని రాస్తే సర్కారుకి పూచీ లేదు. ‘ఆకలి’ అని రాస్తే ఉంది. ఇక 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువగా చనిపోయారు. బతికిన ఆడవాళ్ళు ఎన్నాళ్ళు నిత్రాణతో ఉన్నారో రాసిపెట్టినవాళ్ళు నాకు ఇంతవరకూ కనపడలేదు.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు ఒక దశలో కర్నూలు జిల్లావే. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు లెక్కపెట్టింది ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు. ఆ మర్నెల, మేలో, ‘లాంగ్ కోవిడ్’ అనే మాటని ట్విట్టర్‌లో పుట్టించింది ఎలీసా పెరెగో అనే ఇటలీ పురావస్తు పరిశోధకురాలు. డాక్టర్లు కాదు, రోగులే పేరు పెట్టుకున్న జబ్బు ఇది. స్త్రీవాదులుగా మనం సంతోషించాల్సిన విషయమే. అయితే ఆ పేరు పెట్టగలిగింది కంప్యూటరూ ఇంగ్లీషూ తీరికగా పడుకునే మంచమూ ఉన్నవాళ్ళు. ఆదోని పత్తి చేలల్లో పనిచేసే మనిషికి ఆ పేరు చేరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో దీన్ని నిర్వచించింది. జబ్బు మొదలైన మూడు నెలలకి కనపడుతూ, కనీసం రెండు నెలలు ఉండి, మరో రోగ నిర్ధారణతో వివరించలేని లక్షణాలు అంది. పరీక్ష కాగితం లేకపోయినా, కరోనా వచ్చి ఉండొచ్చన్న అంచనా చాలు. అది మంచిదే. చిక్కంతా ఆ ‘మరో రోగ నిర్ధారణ’ దగ్గరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. గర్భసంచి తీసేసినవాళ్ళు దాదాపు 9 శాతం, దేశంలోనే అత్యధికం. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల నొప్పులూ ఒంటి ఆవిర్లూ నిద్రలేమీ వయసు రాకుండానే వస్తాయి. అంటే రాయలసీమ స్త్రీకి మరో వివరణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ‘రక్తం తక్కువమ్మా’ అని ఐరన్ బిళ్ళలు ఇచ్చి పంపడం తేలిక. రక్తహీనత నిజమే కావచ్చు. దాని పక్కనే ఇంకొకటి ఉండకూడదని ఎవరన్నారు? 2024లో అమెరికా జాతీయ అకాడమీలు ఇచ్చిన నిర్వచనం ఈ పట్టు సడలించింది. వేరే జబ్బు ఉన్నంత మాత్రాన లాంగ్ కోవిడ్ లేదనక్కర్లేదు అంది.

విడదీయడానికి ఆధారాలు అసలు లేకపోలేదు. ప్రొద్దుటూరు దగ్గర ఒకామె అన్న మాట రాసుకున్నాను: “పని చేసిన పొద్దు బాగనే ఉంటి సూడమ్మా. మర్నాడు మంచం దిగలేకపోతి.” శ్రమ తర్వాత ఒకటి రెండు రోజులకి విరుచుకుపడే ఈ అలసట లాంగ్ కోవిడ్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. మామూలు రక్తహీనతలో ఆయాసం పని చేస్తుండగానే వస్తుంది. లేచి నిలబడిన పది నిమిషాల్లో నాడి నిమిషానికి 30కి పైగా పెరగడం ఇంకో గుర్తు. అయితే రక్తం తక్కువైనా నాడి పరుగెత్తుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా ఏదీ తేల్చకూడదు. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుని వాస్తే పాత చికున్‌గున్యానీ కీళ్ళవాతాన్నీ అనుమానించాలి. యాంటీబాడీ పరీక్ష ఏమీ చెప్పదు. 2021 జూన్-జూలై నాటి జాతీయ సర్వేలోనే 67.6 శాతం మందిలో యాంటీబాడీలున్నాయి.

రెండో వైపు పొరపాటు ఇంకా ప్రమాదం. అన్నిటినీ ‘కరోనా నిత్రాణ’ అని సరిపెట్టుకోవడం. నాకు బాగా తెలిసిన ఒకావిడ ఐదు నెలల దగ్గుని అలాగే భరించింది. చివరికి గళ్ళ పరీక్షలో క్షయ అని తేలింది. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేసే పరీక్ష, రెండు వారాల దగ్గుకే చేయించాల్సింది. కరోనాలో స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి క్షయ భయం ఎక్కువ. థైరాయిడ్ కూడా ఇలాగే కరోనా నీడలో దాక్కుంటుంది. మందు ఉన్న జబ్బుని మందు లేని పేరు కింద పెట్టడం రోగికి చేసే అన్యాయమే.

కరోనా విషయంలో సర్కారు క్యాలెండర్ పొట్టిది. 2021 సెప్టెంబర్ మార్గదర్శకాల్లో పరీక్ష జరిగిన 30 రోజుల్లోపు చనిపోతే కోవిడ్ మరణంగా లెక్క వేశారు. ఆస్పత్రిలో ఉండగానే అయితే 30 రోజులు దాటినా ఒప్పుకున్నారు. కుటుంబానికి 50 వేల రూపాయలు. చనిపోకుండా మిగిలినవాళ్ళ నిత్రాణకి ఆ కాగితాల్లో గడి లేదు.

బేతంచెర్ల నాపరాళ్ళ పాలిష్ యూనిట్లలో పనిచేసిన ఒకామెకి ఆయాసం. కరోనా వచ్చిన మాట నిజం. అంతకుముందు పన్నెండేళ్ళు రాతి దుమ్ము పీల్చిన మాటా నిజమే. ఇసుక పాళ్ళున్న ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది. సిలికోసిస్ అంటారు. 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ అది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి, పరిహారం అడగదగిన వ్యాధి. చీటీ మీద ‘కరోనా అనంతరం’ అని ఉంది. ఏం పని చేస్తావని ఆమెని అడగలేదట. అడిగి ఉంటే, దుమ్ము అని రాయాల్సి వస్తే, యజమాని దగ్గరికి ఒక కాగితం వెళ్ళాలి. కరోనా అని రాస్తే ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని చెప్పాను. “ఆ పొద్దు కూలి ఎవరిస్తారు?” అని అడిగింది.