ఒకే క్యాసెట్టులో అరవై నాలుగు ఆటలు

1995 ప్రాంతంలో తిరుపతిలోనో చిత్తూరులోనో మదనపల్లెలోనో పిల్లలుగా ఉన్నవాళ్లని ఏ వీడియో గేములు ఆడారని అడిగి చూడండి. జవాబు ఇంచుమించు ఒకటే వస్తుంది. మారియో, ట్యాంకు, బాంబర్‌మ్యాన్, సర్కస్, రోడ్ ఫైటర్, ఐస్ క్లైంబర్, బెలూన్ ఫైట్, ఎక్సైట్‌బైక్, ఆట తుపాకీ ఉన్న ఇళ్లలో డక్ హంట్. ఊరు మారినా వీధి మారినా ఈ వరుస పెద్దగా మారదు. ఇవన్నీ 1984కీ 1986కీ మధ్య జపాన్‌లో ఈ రూపంలో విడుదలైన ఆటలు. మన పిల్లలు వాటిని సరికొత్తవిగా ఆడుతున్న రోజులకి అక్కడ సోనీ ప్లేస్టేషన్ కూడా వచ్చేసింది. పదేళ్ల నాటి ఆటలు మన దాకా ఎందుకొచ్చాయంటే దూరం, డబ్బు అని చెప్పేయవచ్చు. అవే ఎందుకొచ్చాయన్నది అసలు ప్రశ్న. ఆ పదేళ్లలో పుట్టిన వందల ఆటల్లోంచి ఈ పాతిక ముప్పైని ఏరి మన టీవీల ముందు పెట్టింది, ఆ క్యాసెట్టు లోపలి మెమరీ కొలత.

ఒక క్యాసెట్టులో చాలా ఆటలు పెట్టడం తైవాన్ దొంగసరుకుతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మార్చుకోగలిగే ఆట క్యాసెట్టుకీ ఆ అలవాటుకీ పుట్టినరోజు ఒకటే. 1976లో అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఛానెల్ ఎఫ్ అనే యంత్రాన్ని తెచ్చింది. ఆ క్యాసెట్టు వ్యవస్థను తయారుచేసిన బృందాన్ని నడిపినవాడు జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. వాళ్ల మొట్టమొదటి క్యాసెట్టులోనే నాలుగు ఆటలున్నాయి. సున్నా-ఇంటూ ఆట ఒకటి, గురిపెట్టి కాల్చేది ఒకటి, తెర మీద బొమ్మలు గీసుకునేవి రెండు. మరుసటి సంవత్సరం అటారీ తన యంత్రంతో పాటు ఇచ్చిన కాంబాట్ అట్ట మీద 27 ఆటలని అచ్చేసింది. లోపల ఉన్నది రెండు కిలోబైట్ల ప్రోగ్రాం. ట్యాంకులు, విమానాలు, గోడ ఉన్న మైదానం, గోడ లేని మైదానం, తగిలి వెనక్కి ఎగిరే గుండు, ఎగరని గుండు. ఒకే వస్తువును అటూ ఇటూ తిప్పి చూపిస్తే ఇరవై ఏడయ్యాయి. మెమరీ బంగారంలా ఉన్న రోజుల్లో అది మోసం కాదు, పనితనం. అదే ఎత్తు పదిహేనేళ్ల తర్వాత మన క్యాసెట్ల మీద లక్షల అంకెగా తిరిగొచ్చింది.

1983 జులైలో నింటెండో జపాన్‌లో ఫామికామ్‌ను విడుదల చేసింది. ధర 14,800 యెన్‌లు. మన ఇళ్లలో ఆడిన ఎనిమిది బిట్ల యంత్రాలు చాలావరకు దాని నకళ్లే, కాబట్టి దాని కడుపు ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి. క్యాసెట్టు అడుగున అటు 30, ఇటు 30 రాగి పట్టీలుంటాయి. ఆ అరవై పట్టీల గుండా యంత్రం క్యాసెట్టు లోపలికి రెండు కిటికీల్లోంచి చూస్తుంది. ఆట నడిపే ప్రోగ్రాం కోసం 32 కిలోబైట్ల కిటికీ, బొమ్మల కోసం 8 కిలోబైట్ల కిటికీ. తొలి రెండు మూడేళ్ల ఆటలు చాలావరకు ఈ కొలతలో ఒదిగిపోయాయి. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు. ట్యాంకు ఆటగా మనకు తెలిసిన బ్యాటిల్ సిటీ, బాంబర్‌మ్యాన్, ఎక్సైట్‌బైక్, ఐస్ క్లైంబర్, బెలూన్ ఫైట్ అయితే ఇంకా చిన్నవి. ప్రోగ్రాం 16, బొమ్మలు 8, కలిపి 24 కిలోబైట్లే. ఈరోజు ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో ఇటువంటి ఆటల్ని వంద దాకా మింగేస్తుంది.

1980ల చివరికి మెమరీ చిప్పుల ధర పడిపోయింది. ఒక మెగాబైటు ప్రోగ్రాం చిప్పు, అర మెగాబైటు బొమ్మల చిప్పు ఒకే బోర్డు మీద పెట్టగలిగితే లెక్క తేలిక: పదహారు కిలోబైట్ల ఆటలు 64 పడతాయి, వాటి బొమ్మలు 64 భాగాలుగా సరిగ్గా సరిపోతాయి. అట్ట మీద 64 ఇన్ 1 అన్న అంకె ఎవరో ముచ్చటపడి రాసింది కాదు, చిప్పులోంచి పుట్టింది. ఇక కావలసింది ఆటలను ఎంచుకునే పట్టీ చూపించే చిన్న ప్రోగ్రాం, ఎంచుకున్న అంకెను గుర్తుంచుకునే చవక లాజిక్ చిప్పు. పిల్లవాడు పట్టీలో పన్నెండో ఆట మీద బాణం గుర్తు పెట్టి స్టార్ట్ నొక్కగానే ఆ చిప్పు పన్నెండు అన్న అంకెను పట్టుకుంటుంది, పెద్ద చిప్పులోని పన్నెండో ముక్కను కిటికీ ఎదుట నిలబెడుతుంది. అక్కడినుంచి యంత్రానికి తక్కిన 63 ఆటలూ లేనట్టే. అసలు క్యాసెట్టే పెట్టారనుకుని నడిపేస్తుంది. రీసెట్ నొక్కితే మళ్లీ పట్టీ. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించిన ఇంజనీర్ల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. వాళ్లు చేసిన వ్యాపారం సంగతి తర్వాత, పనితనం మాత్రం గొప్పది.

నింటెండో కూడా 1988లో మారియోను, డక్ హంట్‌ను ఒకే క్యాసెట్టులో కలిపి అమెరికాలో యంత్రంతో పాటు అమ్మింది. బ్రిటన్‌లో కోడ్‌మాస్టర్స్ నాలుగేసి ఆటల కట్టలు కట్టింది. యాక్షన్ 52 అని 1991లో 199 డాలర్లకు వచ్చిన అమెరికా క్యాసెట్టులో 52 ఆటలున్నాయి. అన్నీ సొంతంగా రాసినవే, ఆడదగ్గది వెతుక్కోవాలి. ఈ కథ మన వైపు తిరిగింది తైవాన్ దగ్గర. అక్కడి యూఎంసీ సంస్థ ఫామికామ్ మెదడుకీ బొమ్మల చిప్పుకీ నకళ్లు తయారుచేసింది. తర్వాత్తర్వాత మొత్తం యంత్రం ఒక్క నల్లటి జిగురు చుక్క కింద ఇమిడిపోయింది. ఆ నకళ్లు రష్యాలో డెండీ పేరుతో, పోలండ్‌లో పెగాసస్ పేరుతో, చాలా దేశాల్లో మైక్రో జీనియస్ పేరుతో అమ్ముడయ్యాయి. మన దేశంలో మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ అన్న పేర్లు ఆ తరానికి నోటికొచ్చు.

దక్షిణ రాయలసీమకు ఈ సరుకు వచ్చిన దారులు ఆ నేల చరిత్రలోనే ఉన్నాయి. 1911లో ఏర్పడ్డ చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ బిడ్డ. తిరుత్తణి 1960 దాకా ఈ జిల్లాలోనే ఉండేది. తిరుపతిలో బస్సెక్కితే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పూట లోపే మద్రాసు. పెళ్లి చీరలకైనా కంటి ఆపరేషనుకైనా అటే వెళ్లే జనం, బర్మా బజారు విదేశీ సామాను, రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్సు కూడా అక్కడినుంచే తెచ్చుకున్నారు. పడమటి వైపు మదనపల్లె, పలమనేరు వాళ్లకు బెంగళూరు దగ్గర; అక్కడి నేషనల్ మార్కెట్ ఆ పని చేసిపెట్టింది. పీలేరు, వాయల్పాడు వైపు కువైట్ వెళ్లొచ్చిన బంధువుల పెట్టెల్లో టేప్‌రికార్డరు పక్కన ఈ యంత్రమూ దిగింది. 1991 తర్వాత దిగుమతులు సడలడం, కేబుల్ టీవీ వచ్చి ఇంటింటా రంగుల టీవీ చేరడం కలిసొచ్చాయి.

కొన్నవాళ్ల ఇల్లు ఆ వీధికి ఆటస్థలమయ్యేది. కొనలేని వాళ్లకు గంటల లెక్కన ఆడించే దుకాణాలుండేవి, వీడియో క్యాసెట్ల లైబ్రరీల్లో ఆట క్యాసెట్లు కూడా అద్దెకిచ్చేవాళ్లు. ఒక్క ఆట ఉన్న క్యాసెట్టు కొనడం మధ్యతరగతి తండ్రికి అర్థంలేని ఖర్చు. వారానికే పాతబడిపోయే వస్తువు. అరవై నాలుగు ఆటలున్నది అలా కాదు, ఒకసారి కొంటే వేసవి సెలవులన్నీ గడుస్తాయి, అన్నకీ చెల్లెలికీ పక్కింటి పిల్లలకీ ఎవరిష్టం వాళ్లకు దొరుకుతుంది. యంత్రం మన ఇళ్లలోకి రావడానికి గట్టి కారణం ఈ క్యాసెట్టేనని నా నమ్మకం. దీన్ని నకిలీ సరుకు చరిత్రలో ఒక మూలకి తోసేయడం నాకు ఒప్పుదల కాదు. తర్వాతి రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చోవడానికి వెరవని ఒక తరానికి తెర మీది బాణం గుర్తును కదిపి ఎంచుకోవడం అలవాటు చేసింది ఈ క్యాసెట్టులోని ఆటల పట్టీయే.

అంకెల పోటీ మాత్రం నిజాయితీని తినేసింది. 64 పోయి 76 ఇన్ 1 వచ్చింది, 1200 ఇన్ 1 వచ్చింది, చివరికి ఏడు తొమ్మిదులు వరుసగా పెట్టిన 9999999 ఇన్ 1 కూడా వచ్చింది. పట్టీని కిందికి దింపుకుంటూ పోతే మొదటి పాతికో యాభయ్యో తర్వాత పేర్లు మళ్లీ మొదలవుతాయి. కొన్నిచోట్ల పేరు మారుతుంది, ఆట అదే. కొన్నిచోట్ల మారియో నేరుగా మూడో లోకంలో మొదలవుతాడు, లేదా ప్రాణాలు ఎక్కువుంటాయి. ట్యాంకు ఆటకి ట్యాంక్ 1990 అన్న రూపం ఇలా మార్పులు చేసి అమ్మిందే. అసలు ఆటకి ఆ సంవత్సరంతో సంబంధం లేదు. పిల్లలు ఈ సంగతి మొదటి రోజే కనిపెట్టేవాళ్లు. అయినా రెండు వందలో నంబరులో చక్రాల బూట్ల మారియో ఉన్నాడనీ, అయిదు వందలో దాంట్లో తలుపు తెరుచుకుంటుందనీ వదంతులు బడి నుంచి బడికి నడిచేవి.

ఇక రానివాటి సంగతి. 1988లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3 పరిమాణం 384 కిలోబైట్లు, దానికి కిటికీలు మార్చే చిప్పు కూడా ప్రత్యేకంగా కావాలి. వంద ఆటల చవక బోర్డు మీద దానికి చోటు లేదు. కొందరికి నాలుగు ఆటల క్యాసెట్లలో దొరికింది, చాలామందికి దొరకలేదు. కాంట్రాది 128 కిలోబైట్లు, అందుకే అదీ అరుదు, అందుకే దానికంత పరువు. అన్నిటికన్నా పెద్ద లోటు బ్యాటరీ. జెల్డా, డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ లాంటి పెద్ద కథల ఆటలకి ఆడినంతవరకు దాచుకునే ఏర్పాటు కావాలి. ఆ క్యాసెట్టులో చిన్న బ్యాటరీ ఉండాలి, లేదా పొడవాటి పాస్‌వర్డు రాసుకోవాలి. మన క్యాసెట్లలో బ్యాటరీ లేదు. జపాన్ పిల్లలు నెలల తరబడి ఒకే కథలో బతికిన కాలంలో, మన పిల్లలకి ఆట అంటే ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టేది. ఎనిమిదో లోకం దాకా వెళ్లాక మే నెలలో కరెంటు పోతే అంతే, మళ్లీ మొదటి పుట్టగొడుగు దగ్గరికి. వేగం, చేతివాటం, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడటం ఈ తరం అభిరుచిలో స్థిరపడ్డాయి. ఒంటరిగా నెమ్మదిగా చదువుతూ ఆడే ఆట పెద్దయ్యాక గానీ తెలియలేదు.

నన్ను ఎక్కువ బాధించేది మాత్రం పేర్లు పోవడం. తొలి తెర మీద ఉండాల్సిన కంపెనీ పేరు, సంవత్సరం చాలా ఆటల్లో చెరిపేశారు. తిరుమల సంకీర్తన భాండాగారంలోంచి బయటపడ్డ తాళ్లపాక వారి రాగిరేకులను చూడండి. అక్కడా ఒక్క రేకు మీద అటూ ఇటూ కలిపి అయిదారు కీర్తనలు పొదిగారు. కానీ కీర్తన కీర్తనకీ రాగం పేరు చెక్కారు, రేకుల మొదట కర్త పేరు పెట్టారు. ఈ క్యాసెట్లు కట్టినవాళ్లు ఆ మర్యాద పాటించలేదు. బెలూన్ ఫైట్ ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాతా 2002లో నింటెండో అధ్యక్షుడయ్యాడు, 2015లో పదవిలో ఉండగానే చనిపోయాడు. ఆ రోజు పేపర్లో వార్త చూసిన ఎంతమందికి, చిన్నప్పుడు బెలూన్లు పగలగొట్టిన ఆట ఆయనదేనని తెలిసి ఉంటుంది? మన కాపీరైటు చట్టంలోకి కంప్యూటరు ప్రోగ్రాం 1984లోనే చేరింది, 1994 సవరణ దాన్ని గట్టిపరిచింది. ఈ క్యాసెట్ల విషయంలో ఆ చట్టం కాగితం దాటి బజారులోకి వచ్చిన జాడ లేదు. డబ్బు పోయినా పేరు ఉంచి ఉండవలసింది.

ఆ తర్వాతి కథ వేగంగా సాగింది. సీడీలు వచ్చాయి, ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, క్యాసెట్టు చాటుకు పోయింది. 2003లో నింటెండో ఫామికామ్ తయారీ ఆపేసింది. 2016లో అదే నింటెండో అరచేతిలో పట్టే బుల్లి యంత్రంలో 30 పాత ఆటలు బిగించి అమ్మింది. ఐస్ క్లైంబర్, ఎక్సైట్‌బైక్, బెలూన్ ఫైట్, మారియో అందులో ఉన్నాయి. ఈసారి పేర్లతో సహా. అంతకు ఏడాది ముందు, 2015లో, మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేతుల మీదుగా షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. ఎలక్ట్రానిక్సు తెచ్చుకోవడానికి మద్రాసు వెళ్లిన ప్రాంతంలోనే అవి తయారవడం మొదలైంది.

పాత క్యాసెట్లలోని చిప్పులు గట్టివే. చెడేది అడుగునున్న రాగి పట్టీలు. బొమ్మ రాకపోతే మనమంతా నోటితో ఊదాం, ఆ తేమే తుప్పు తెచ్చింది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలావరకు బతుకుతాయి. ప్రపంచంలో కొందరు ఔత్సాహికులు ఈ క్యాసెట్లను విప్పి, చిప్పుల్లోని సరుకు చదివి భద్రపరుస్తున్నారు, ఒక్కో రకం బోర్డుకి అంకె ఇచ్చారు. 76 ఇన్ 1 బోర్డుది 226, 1200 ఇన్ 1 బోర్డుది 227. తిరుపతి, చిత్తూరు అటకల మీద ఉన్నవి పాత సామాన్లవాడి తక్కెడలోకి పోకముందు తీసి చూడాలి. లోపలి బోర్డును రెండు వైపులా ఫొటో తీయాలి. ఏ బజారులో, ఏ సంవత్సరం కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయాలి. తెర మీది పట్టీని ఉన్నది ఉన్నట్టుగా, తప్పు స్పెల్లింగులతో సహా ఎక్కించాలి, సరిదిద్దకూడదు. ఏ బోర్డు ఏ బోర్డుకు చుట్టమో తేల్చడానికి ఆ తప్పులే ఎక్కువ సాయపడతాయి.