యాభై కేబీల ఫోటో వెనక కథ

మా అశోక్‌నగర్‌లో ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే పేపర్ చూడకుండానే తెలిసిపోతుంది. నెట్ సెంటర్ల ముందు, జిరాక్సు షాపుల ముందు పిల్లలు బారులు తీరతారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి ఇటు నారాయణగూడ దాకా కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళే కదా. ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు కూరగాయల కొట్టు దగ్గర ఫోన్‌లో అమ్మతో చెప్పుకునే మాట తరచూ నా చెవిన పడుతుంది: "ఫోటో సైజు ఎక్కువుందట, తీసుకోవట్లేదమ్మా."

వినడానికి చిన్న విషయమే. కానీ ఏళ్ళ తరబడి చదివిన పిల్లకు ఆఖరి తేదీ రాత్రి ఆ ఒక్క ఫోటో దగ్గర ఆగిపోతే ఎలా ఉంటుందో తల్లులకు చెప్పక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ వాళ్ళు ఫోటో 20 నుంచి 50 కేబీల మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీల మధ్య ఉండాలంటారు. మన ఫోన్‌లో తీసిన ఫోటో మూడు నాలుగు ఎంబీలు, అంటే మూడు నాలుగు వేల కేబీలు ఉంటుంది. బిందెడు నీళ్ళను గ్లాసులో పట్టించమన్నట్టే.

ఎందుకింత పట్టుదల? పది లక్షల మంది దరఖాస్తు చేశారనుకుందాం. ఒక్కొక్కరి ఫోటో 50 కేబీలైతే మొత్తం 50 జీబీలు, ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. అదే నాలుగు ఎంబీల చొప్పున పంపితే నాలుగు వేల జీబీలు. కింది హద్దు పెట్టడానికీ కారణం ఉంది. మరీ చిన్నదైతే ముఖం పోల్చుకోలేరు.

అసలు ఫోటోను ఇలా కుదించవచ్చన్న ఆలోచన ఎక్కడిదని చూస్తే, ఆ కథ కూడా ఒక తిరస్కరించిన దరఖాస్తుతోనే మొదలైంది. బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళిన నాసిర్ అహ్మద్ గారు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. బొమ్మలోని సమాచారాన్ని తక్కువ అంకెల్లోకి మార్చే ఒక లెక్క మీద పని చేస్తానని 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టారు. వాళ్ళు డబ్బు ఇవ్వలేదు. ఈ ఆలోచన మరీ సులువుగా ఉందని ఒకరు అభిప్రాయం రాశారట!

డబ్బు రాకపోతే 1973 వేసవి ఎలా గడుస్తుందన్న దిగులు ఆ ఇంట్లోనూ ఉండింది. అయినా ఆయన పని మానలేదు. తన విద్యార్థి నటరాజన్, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ఉన్న మిత్రుడు కె.ఆర్. రావు తోడయ్యారు. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. పేరు వింటే మన పక్కింటి మాస్టారిలా అనిపిస్తుంది కదూ! మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి వెళ్ళిన ఆయన 2021లో కన్నుమూశారు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో ఆ లెక్క అచ్చయింది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. 2021లో 'దిస్ ఈజ్ అస్' అనే అమెరికా సీరియల్‌లో నాసిర్ గారి కథ, ఆయన భార్య ఎస్తేర్ గారి కథ చూపించారు. కోవిడ్ రోజుల్లో మనం పిల్లల ముఖాలు చూసుకున్న వీడియో కాల్స్‌కు పునాది కూడా ఈ లెక్కేనని.

1986లో వివిధ దేశాల నిపుణులు ఒక కమిటీగా కూడారు. అప్పటి డిజిటల్ టెలిఫోన్ లైను సెకనుకు 8 కేబీలు మాత్రమే మోసేది. 200 చుక్కల వెడల్పు, 230 చుక్కల ఎత్తు ఉన్న పాస్‌పోర్ట్ ఫోటోను కుదించకుండా రాస్తే దాదాపు 135 కేబీలు. ఆ లైన్లో వెళ్ళడానికి పదిహేడు సెకన్లు. ఇలాంటి ఇబ్బంది తీర్చడానికి వాళ్ళు డీసీటీని తీసుకుని 1992లో ఒక పద్ధతి ఖాయం చేశారు. ఫోటో పేరు చివర కనిపించే జేపెగ్ అదే, ఆ కమిటీ పేరే.

అది చేసే పని మనకు అర్థం కానిదేం కాదు. బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గళ్ళుగా కోస్తుంది. ప్రతి గడిలో మొత్తం వెలుగు ఎంత, మార్పు నెమ్మదిగా ఉందా, చురుగ్గా ఉందా అని విడదీస్తుంది. బుగ్గ మీద నునుపు నెమ్మదైన మార్పు, చీర జరీలో సన్నగీతలు చురుకైన మార్పు. మన కన్ను అంతగా పట్టించుకోని సన్నని తేడాలను, రంగుల్లో చిన్న తేడాలను వదిలేస్తుంది. ఎంత ఎక్కువ వదిలేస్తే ఫైలు అంత చిన్నది. పాలు మరగబెట్టి కోవా చేసినట్టు. కోవాలో నీళ్ళు పోస్తే మళ్ళీ పాలు కావు. అలాగే వదిలేసింది మళ్ళీ రాదు.

అందుకే పిల్లలకు నేను చెప్పేది ఇదీ. ముందు ఫోటోను ముఖం, భుజాలు వరకు కత్తిరించండి. తర్వాత చుక్కల కొలత తగ్గించండి. అప్పటికీ ఎక్కువుంటేనే నాణ్యత తగ్గించండి. ప్రతిసారీ అసలు ఫోటో నుంచే మొదలుపెట్టండి. కుదించినదాన్నే మళ్ళీ కుదిస్తే ముఖం మీద గళ్ళు తేలతాయి. సంతకం తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో చెయ్యండి.

ఇంకో మాట మనకోసం. మా చిన్నప్పుడు స్టూడియో అతను నెగటివ్ దాచేవాడు, పదేళ్ళ తర్వాత వెళ్ళినా కాపీ తీసిచ్చేవాడు. ఇప్పుడు అమ్మమ్మ ఫోటో వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్ళి, కుదించుకుపోయి మన దగ్గరికి వస్తుంది. గోడకు పెద్దది చేయించబోతే కళ్ళు మసక, పైట అంచు మసక. దరఖాస్తుకు 50 కేబీలు చాలు, ఇంటికి చాలవు. పెట్టెలో ఉన్న పాత ఫోటోలను ఈ వేసవిలో స్కాన్ చేయించి, అసలు ఫైళ్ళను రెండు చోట్ల దాచండి. ఎవరికైనా పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.