చలికాలపు టైర్లు: ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకు ఎంపిక

చలికాలపు టైరు అంటే శీతల ప్రాంతాల్లో, మంచు పడిన రోడ్ల మీద పట్టు కోసం ప్రత్యేకంగా తయారుచేసిన టైరు. మామూలు టైరుకూ దీనికీ ప్రధానంగా మూడు తేడాలుంటాయి. దీని రబ్బరు చలికి బిగుసుకోదు, గాడులు లోతుగా ఉంటాయి, రోడ్డును తాకే ట్రెడ్ భాగంలో ప్రతి దిమ్మె మీదా సన్నటి కోతలుంటాయి. ఈ కోతలను సైప్‌లు అంటారు. వాతావరణం సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే ఈ టైర్లకు మారడం మంచిదని తయారీదారులు చెబుతారు.

ఫోర్ వీల్ డ్రైవ్ కార్లు సామాన్య కుటుంబాల చేతికి వచ్చాక, వాటికి చలికాలపు టైర్లు అక్కర్లేదన్న నమ్మకం కూడా వ్యాపించింది. ఇంజిను శక్తి నాలుగు చక్రాలకూ అందితే మంచులో బండి కదలడం తేలికవుతుందన్న మాట నిజమే. కానీ కదిలిన బండి ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా టైరు పట్టే ఆధారం.

తొలి రోజులు

మోటారు వాహనాలకు మంచులో దొరికిన మొదటి సాధనం గొలుసు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ 1904లో టైరు గొలుసులకు పేటెంటు పొందాడు. గొలుసు మంచును గట్టిగానే పట్టుకుంటుంది. అయితే వేగంగా వెళ్లనివ్వదు, మంచు లేని చోట రోడ్డునూ టైరునూ కూడా పాడుచేస్తుంది. మంచు వచ్చినప్పుడల్లా బిగించడం, పోయాక విప్పడం మరో బెడద.

టైరు మీద సన్నటి కోతలు పెట్టే పద్ధతికి 1923లో జాన్ సైప్ పేరిట పేటెంటు వచ్చింది. ఆయన కబేళాలో పనిచేసేవాడనీ, తడి నేల మీద జారకుండా తన బూట్ల అడుగున కోతలు పెట్టుకోవడం నుంచే ఈ ఆలోచన వచ్చిందనీ చెబుతారు. ఈ కోతలు టైర్ల తయారీలో విరివిగా వాడుకలోకి రావడానికి మాత్రం మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

చలికాలానికంటూ ప్రత్యేకంగా తయారైన తొలి టైరు ఫిన్లండ్‌లో పుట్టింది. నోకియా పట్టణంలోని సువోమెన్ గుమ్మితెహ్దాస్ అనే రబ్బరు కంపెనీ 1934లో సరుకు రవాణా వాహనాల కోసం కెలిరెంగాస్ టైరును తెచ్చింది. మంచు తొలగించని దారుల్లో గొలుసులు లేకుండా నడవడం దీని లక్ష్యం. దీని అడ్డపట్టీల ట్రెడ్ మంచును కరిచి పట్టేది. రెండేళ్ల తర్వాత, 1936లో, అదే కంపెనీ కార్ల కోసం లూమి హక్కాపెలిట్టా టైరును విడుదల చేసింది. హక్కాపెలిట్టా పేరుతో టైర్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఈ కంపెనీ 1967లో నోకియా సంస్థలో విలీనమైంది. తర్వాతి కాలంలో మొబైల్ ఫోన్లతో మన ఇళ్లలోకి వచ్చింది ఆ నోకియానే. 1988లో టైర్ల విభాగం నోకియన్ టైర్స్‌గా వేరుపడింది.

జర్మనీకి చెందిన కాంటినెంటల్ 1952లో ఎం ప్లస్ ఎస్ 14 టైరును తెచ్చింది. బురదకూ మంచుకూ పనికొస్తుందని చెప్పే ఈ రెండక్షరాల గుర్తు తర్వాత ప్రపంచమంతా పాకింది. ఆ రోజుల్లో అమెరికా కార్లన్నీ దాదాపుగా వెనక చక్రాలతో నడిచేవే కాబట్టి చాలామంది స్నో టైర్లను వెనక రెండు చక్రాలకే వేయించేవారు. బండి ముందుకు కదిలితే చాలన్న లెక్క అది.

మేకుల టైర్లు, వాటి మీద నిషేధం

పొడిమంచు మీద పనిచేసిన లోతైన గాడులు గట్టి ఐస్ మీద చాలలేదు. అందుకు విరుగుడుగా 1960ల మొదట్లో మేకుల టైర్లు వచ్చాయి. సువోమెన్ గుమ్మితెహ్దాస్ 1961లో తెచ్చిన కొమెటా హక్కాపెలిట్టా వీటిలో తొలితరానిది. ట్రెడ్‌లో పొదిగిన చిన్న లోహపు మేకుకు టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉంటుంది. ఆ మొన ఐస్‌లోకి దిగి పట్టు ఇస్తుంది.

మంచు లేని రోజుల్లో అదే మొన రోడ్డును గీరేస్తుంది. కొన్నేళ్లలోనే రోడ్ల మీద చక్రాల వెంబడి గుంతల చాళ్లు పడ్డాయి. అమెరికాలోని మిన్నెసోటా, కెనడాలోని ఒంటారియో 1971లో మేకుల టైర్లను నిషేధించాయి. పశ్చిమ జర్మనీ 1975లో అదే దారి పట్టింది. జపాన్‌లో బెడద మరో రూపంలో వచ్చింది. సెందాయ్ వంటి ఉత్తరాది నగరాల్లో మేకులు గీరిన తారు ధూళై గాలిలో కలిసి జనం ఊపిరికే ముప్పు తెచ్చింది. 1990లో జపాన్ ఈ టైర్ల వాడకాన్ని అరికడుతూ ప్రత్యేక చట్టం చేసింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో హోర్న్స్‌గాటన్ వీధిలోకి 2010 నుంచి మేకుల టైర్లను రానివ్వడం లేదు. ఫిన్లండ్, స్వీడన్, నార్వేల్లో మిగతా చోట్ల చలికాలంలో వీటిని ఇప్పటికీ వాడుతున్నారు.

నిషేధాలు రావడంతో మేకుల్లేకుండానే ఐస్‌ను పట్టే రబ్బరు కోసం కంపెనీలు వెతికాయి. ఐస్ బాగా జారేది సున్నా డిగ్రీల దగ్గరే. టైరు కింద పలచటి నీటి పొర ఏర్పడటం అందుకు ముఖ్య కారణం. జపాన్ కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్ 1988లో తెచ్చిన బ్లిజాక్ టైరు రబ్బరులో కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలున్నాయి. ఆ నీటి పొరను రంధ్రాలు పీల్చుకుంటే రబ్బరు నేరుగా ఐస్‌ను తాకుతుంది. 1992లో మిషెలిన్ ఇంధనం ఆదాచేసే టైర్లలో సిలికా వాడకాన్ని ముందుకు తెచ్చింది. సిలికా కలిపిన ట్రెడ్ చలిలోనూ మెత్తగా ఉండటంతో చలికాలపు టైర్లలోనూ అది స్థిరపడింది. చలికి నెయ్యి పేరుకున్నట్టు వేసవి టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. సిలికా, సహజ రబ్బరు ఎక్కువగా కలిసిన చలికాలపు రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదుగుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ రాక

నాలుగు చక్రాలకూ శక్తి అందించే వాహనాలు మొదట సైన్యానికీ, పొలాలకూ పరిమితం. రెండో ప్రపంచయుద్ధంలో జీపు, 1948లో ల్యాండ్ రోవర్ ఈ కోవలోవే. జపాన్‌లో మంచుకొండల్లో విద్యుత్ లైన్లు చూసే సిబ్బంది కోసం తోహోకు విద్యుత్ సంస్థ అడగగా సుబారు తన కారును ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చి ఇచ్చింది. ఆ అనుభవంతో 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది.

ఐరోపాలో మలుపు తిప్పింది ఆడి. 1976–77 చలికాలంలో ఫిన్లండ్‌లో జరిపిన పరీక్షల్లో 75 హార్స్‌పవర్ మాత్రమే ఉన్న ఫోక్స్‌వాగన్ ఇల్టిస్ జీపు, అంతకన్నా బలమైన కార్లను మంచు మీద వెనక్కి నెట్టింది. అది చూసిన ఇంజినీర్ల ఆలోచనే 1980 జెనీవా ప్రదర్శనలో ఆడి క్వాట్రో అయింది. 1986లో ఆ కంపెనీ ఫిన్లండ్‌లోని కైపోలాలో స్కీ జంపు వాలు మీదుగా ఒక క్వాట్రో కారును పైకెక్కించి ప్రకటన తీసింది. 2005లో మరో కారుతో అదే దృశ్యాన్ని తిరిగి చిత్రించినప్పుడు టైర్లకు మేకులు బిగించారు. నాలుగు చక్రాల శక్తిని చాటే ప్రకటనకు కూడా టైరు సాయం కావలసి వచ్చింది.

కదలడం, ఆగడం: ఒక లెక్క

గట్టిపడిన మంచు మీద టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.2 అనుకుందాం. ముందు చక్రాలతో నడిచే కారు బరువులో సుమారు 60 శాతం ఆ చక్రాల మీద పడుతుంది. కాబట్టి వంద మీటర్లకు 12 మీటర్లు లేచే వాలు దాటితే ఆ కారు ఎక్కలేదు. అదే టైర్లతో ఫోర్ వీల్ డ్రైవ్ కారు తన మొత్తం బరువును వాడుకుని 20 మీటర్లు లేచే వాలునూ ఎక్కగలదు.

ఇప్పుడు రెండు కార్లూ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తూ బ్రేకు వేశాయనుకుందాం. రెండూ దాదాపు 49 మీటర్లు వెళ్లాకే ఆగుతాయి. కారణం తేలికే. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. డ్రైవ్ ఏదైనా ఆగే దూరం మారదు. టైర్లు మార్చి గుణకాన్ని 0.3కు పెంచితే ఆ దూరం 33 మీటర్లకు తగ్గుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ కారు మంచులో సునాయాసంగా వేగం అందుకోవడం వల్ల రోడ్డు ఎంత జారుతోందో డ్రైవరుకు తెలియదు. తెలిసేది బ్రేకు మీద కాలు పెట్టినప్పుడే.

గుర్తులు, చట్టాలు

ఎం ప్లస్ ఎస్ గుర్తు ట్రెడ్ గాడుల ఆకృతిని బట్టి తయారీదారే వేసుకునేది. దాని వెనక మంచు మీద జరిపే పరీక్ష ఏదీ తప్పనిసరి కాదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1999లో ఉత్తర అమెరికా టైరు పరిశ్రమ మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పలుకు ఉన్న గుర్తును తెచ్చింది. ప్రామాణిక టైరు కన్నా మంచు మీద కనీసం 10 శాతం ఎక్కువ లాగుడు చూపిన టైరుకే ఇది దక్కుతుంది. ఐస్ మీద పట్టును తెలిపే వేరే గుర్తును ఐరోపా సంఘం 2021 మే నుంచి టైరు లేబుళ్లలో చేర్చింది.

కెనడాలోని క్విబెక్ 2008 నుంచి చలికాలపు టైర్లను తప్పనిసరి చేసింది. ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఆ నిబంధన వర్తిస్తుంది. జర్మనీ 2010లో, మంచు ఉన్న రోడ్ల మీద తగిన టైర్లు ఉండాలని చట్టాన్ని స్పష్టం చేసింది. 2024 అక్టోబరు నుంచి అక్కడ ఎం ప్లస్ ఎస్ అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు, కొండ గుర్తు ఉండాల్సిందే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందని ఈ రెండు చోట్లా మినహాయింపు లేదు. కాలిఫోర్నియా పర్వత మార్గాల్లో ఆర్2 ఆంక్ష ఉన్నప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు గొలుసులు బిగించకుండా వెళ్లవచ్చు. అయితే నాలుగు చక్రాలకూ స్నో టైర్లు ఉండాలి, గొలుసులు బండిలో ఉండాలి. ఆర్3 ఆంక్ష వస్తే ఎవరికీ మినహాయింపు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి టాహో సరస్సుకు వెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ నిబంధనలు ఎదురయ్యేవే.

ఎంపికలో చూడవలసినవి

*నాలుగూ ఒకటే:* ఫోర్ వీల్ డ్రైవ్‌లో నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, ఒకే సైజువి కావాలి. అరుగుదల కూడా దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక టైరు చుట్టుకొలత తగ్గితే అది మిగతా వాటికన్నా వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను ముందు, వెనక చక్రాల మధ్య శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్ లేదా క్లచ్ నిరంతరం భరించాల్సి వచ్చి వేడెక్కి పాడవుతుంది.

*సైజు:* మంచులో వెడల్పు తక్కువ టైరు మంచును చీల్చుకుని కిందకు దిగుతుంది. చాలామంది చలికాలానికి ఒక అంగుళం చిన్న రిమ్ములు కూడా వాడతారు. ఉదాహరణకు 225/60ఆర్18 టైరు వ్యాసం 727 మిల్లీమీటర్లు. 225/65ఆర్17 వ్యాసం 724. ఎత్తులో తేడా నామమాత్రం, పక్కగోడ మాత్రం పెరుగుతుంది. చిన్న రిమ్ము బ్రేకు క్యాలిపర్‌కు తగలదని చూసుకున్నాకే కొనాలి.

*బరువు, వేగం:* సైజు పక్కన ఉండే అంకె మోయగల బరువు సూచిక. 100 అంటే టైరుకు 800 కిలోలు, 104 అంటే 900 కిలోలు. తయారీదారు చెప్పినదాని కన్నా ఈ అంకె తగ్గకూడదు. క్యూ అక్షరం గంటకు 160, టి 190, హెచ్ 210 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని తెలుపుతాయి.

*వాడే చోటు:* ఐస్ ఎక్కువగా ఉండి, చట్టం అనుమతించే చోట మేకుల టైర్లు మేలు. నగరాల్లో మేకుల్లేనివి చాలు. ఆల్ టెరైన్ టైర్లలో పెద్ద దిమ్మెలు, తక్కువ కోతలు ఉన్నవి బురదలో బాగున్నా ఐస్ మీద తేలిపోతాయి. కొండ గుర్తు ఉన్నవైతే మంచులో నమ్మవచ్చు.

*వయసు, గాలి:* పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారీ తేదీని చెబుతాయి. 3523 అంటే 2023లో 35వ వారం. ట్రెడ్ లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే మంచులో పట్టు పడిపోతుంది. ఆస్ట్రియా చట్టమే చలికాలపు టైర్లకు ఈ హద్దు పెట్టింది. ఉష్ణోగ్రత ప్రతి 5–6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి తరచూ చూసుకోవాలి.

భారతదేశంలో

భారత చట్టాల్లో చలికాలపు టైర్ల నిబంధన లేదు. మంచు పడిన రోజుల్లో మనాలి నుంచి సోలాంగ్, అటల్ సొరంగం వైపు ఫోర్ బై ఫోర్ వాహనాలను, గొలుసులు బిగించినవాటిని మాత్రమే పోలీసులు వదులుతుంటారు. ఆ దారుల్లో గొలుసే ఇప్పటికీ ప్రధాన ఆధారం. అపోలో టైర్స్ 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టీన్‌ను కొనడంతో వింట్రాక్ చలికాలపు టైర్లు ఒక భారతీయ కంపెనీ చేతికొచ్చాయి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లోని చినపాండూరులో కర్మాగారం ప్రారంభించిన కంపెనీ ఇదే.

లంబసింగి చలి ఎంత పేరు మోసినా తెలుగు రాష్ట్రాల రోడ్లకు ఈ టైర్లు అక్కర్లేదు. మన ఎండలకు ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు వేసవి టైరంత పట్టు కూడా ఇవ్వదు. టొరంటోలోనో డెట్రాయిట్‌లోనో కాపురం పెట్టినవారు మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ కొనేటప్పుడే నాలుగు చలికాలపు టైర్ల ఖర్చునూ కారు ధరలో కలిపి చూసుకోవాలి.