బెరిబెరి నాటి తీరం, నిలకడ తప్పిన చూపు

1835లో మద్రాసు ప్రభుత్వ వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ బెరిబెరిపై ఒక గ్రంథం వెలువరించాడు. ఆ వ్యాధికి ఆటపట్టుగా ఆయన చూపినది ఉత్తర సర్కారుల తీరాన్ని. అంటే మన గోదావరి డెల్టా కూడా అందులోనిదే. కాళ్లు చచ్చుబడటం, ఒళ్లు వాయడం, గుండె అలసిపోవడం ఆయన వివరంగానే వ్రాశాడు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె ముగ్గురు రోగులను వర్ణించాడు. ఇద్దరు మద్యపానపరులు. మూడవది కుట్టుపని చేసుకునే యువతి. గంధకామ్లం త్రాగి, పిదప ఎడతెగని వాంతులతో కృశించింది. ముగ్గురికీ కనుగుడ్లు సరిగా తిరగలేదు, నడక తూలింది, మనస్సు స్థిమితం తప్పింది. శవపరీక్షలో మెదడు నడుమ, మూడు, నాలుగు జఠరికల చుట్టూ సూక్ష్మ రక్తస్రావాలు కనిపించాయి. దోషం కంటిలో లేదు, కంటిని త్రిప్పే కేంద్రాలలో ఉన్నది.

ఈ రెండు వ్యాధులకూ మూలం ఒక్కటే, థయమిన్ లోపం. 1926లో జావాలో జాన్సెన్, డోనాథ్‌లు తవుడు నుండి ఆ విటమిన్‌ను వేరుచేశారు. యుద్ధకాలంలో సింగపూరు ఖైదీల శిబిరంలో మరపట్టిన బియ్యమే తిన్నవారిలో వెర్నికె వ్యాధి ప్రబలిందని 1947లో డి వార్డెనర్, లెన్నాక్స్ వెల్లడించారు. త్రాగుడు లేనివారికిది రాదనే భ్రమకు అదే జవాబు.

మన అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో అలవాటైనది పచ్చి బియ్యం. ధాన్యాన్ని ఉడికించి ఆరబెట్టినప్పుడు థయమిన్ గింజలోనికి ఇంకుతుంది. కనుక ఉప్పుడు బియ్యం తినే తమిళులకు కొంత రక్ష దొరికింది. మనమో, మరలో తవుడు పోగొట్టి, మిగిలినది గంజితో వార్చాము! (ఆ గంజి త్రాగిన పశువులే ధన్యములు.) మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలపై అక్రాయిడ్, కృష్ణన్ 1941లో ప్రచురించిన పరిశోధన నేటి యువవైద్యులు చదువదగినది.

నేడు ఎం.ఆర్.ఐ.లో థాలమస్ లోపలి అంచులు, మధ్యమెదడులోని సన్నని కాలువ చుట్టుప్రక్కల, మామిల్లరీ గుళికలు రెండువైపులా సమానంగా తెల్లగా మెరుస్తాయి. అయితే దాదాపు సగం మందిలో చిత్రం సాధారణంగానే ఉండవచ్చు. వేవిళ్లతో వారాల తరబడి వాంతులైన గర్భిణికి ఒకటి రెండుగా కనిపిస్తున్నా, కనుగుడ్లు అదురుతున్నా స్కాన్ కోసం వేచియుండరాదు. నీరసమనగానే గ్లూకోజ్ సీసా ఎక్కించే మన ఆచారం ఇక్కడ ప్రమాదకరం. థయమిన్ లేకుండా ఎక్కిన గ్లూకోజ్, మిగిలియున్న కాస్త విటమిన్‌నూ ఖర్చుచేస్తుంది. తగిన మోతాదులో సూదిమందు పడితే కంటి కదలికలు కొన్ని గంటల నుండి కొద్ది రోజులలో కుదురుకోవడం మొదలవుతుంది. ఆలస్యమైన చోట చూపు చక్కబడినా, 1887లో రష్యన్ వైద్యుడు కోర్సకోఫ్ వర్ణించిన మతిమరపు చాలామందిలో మిగిలిపోతుంది.