1977 సీజన్: కలకత్తా మైదానంలో హైదరాబాద్ అన్నదమ్ములు

1977లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ క్లబ్ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడింటినీ ఒకే సీజన్‌లో గెలుచుకుంది. 1972లో ఈస్ట్ బెంగాల్ కూడా ఈ మూడు కప్పులు అందుకుంది. అయితే అప్పుడు రోవర్స్ ఫైనల్ తేలకపోవడంతో ఆ కప్పును మోహన్ బగాన్‌తో పంచుకోవాల్సి వచ్చింది. 1977లో మోహన్ బగాన్ ఎవరితోనూ పంచుకోలేదు. 1972 నాటి ఈస్ట్ బెంగాల్‌లోనూ, 1977 నాటి మోహన్ బగాన్‌లోనూ ఆడిన హైదరాబాదీ ఒకరున్నారు. ఆయనే మొహమ్మద్ హబీబ్. కలకత్తా జనం 'బడే మియా' అని పిలుచుకున్న ఆటగాడు. ఆయన తమ్ముడు మొహమ్మద్ అక్బర్ కూడా ఆ 1977 జట్టులోనే ఉన్నారు.

గల్ఫ్‌లో పనిచేస్తున్న మన జగిత్యాల, నిర్మల్ అబ్బాయిలకు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ జట్లన్నీ నోటికి వచ్చు. శుక్రవారం సెలవు రోజు రూముల్లో లివర్‌పూలా, మాంచెస్టరా అని వాదులాడుకుంటారు. అదే 1977లో లివర్‌పూల్ ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్ గెలిచింది, యూరోపియన్ కప్ గెలిచింది, మధ్యలో ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌లో మాత్రం మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 2-1తో ఓడి మూడో కప్పు పోగొట్టుకుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. అదే ఏడాది ఒక హైదరాబాదీ మన దేశంలో మూడు కప్పులు ఎత్తిన సంగతి తెలిసినవాళ్లు అంతమంది ఉండరు.

అప్పటి పెద్ద లీగ్ ఏది?

ఇంగ్లండ్‌లో ఉన్నట్టు దేశమంతటికీ ఒకే లీగ్ అప్పుడు మనకు లేదు. జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996లో వచ్చింది. ఐ.ఎస్.ఎల్. 2014లో మొదలైంది. 70వ దశకంలో పెద్ద ఆట అంటే కలకత్తా లీగ్ మొదటి డివిజన్, దాంతోపాటు మూడు పాత కప్పులు. కలకత్తాలో షీల్డ్, బొంబాయిలో రోవర్స్, ఢిల్లీలో డ్యూరాండ్. డ్యూరాండ్ 1888లో, రోవర్స్ 1891లో, షీల్డ్ 1893లో బ్రిటిష్ పల్టన్ల కోసం పుట్టినవి. లీగ్ వానాకాలంలో బురదలో సాగేది. లీగ్ అయ్యాక జట్లు రైలెక్కి బొంబాయి, ఢిల్లీ తిరిగేవి. అట్లా లీగూ కప్పులూ అన్నీ కలిపితేనే ఒక సీజన్.

ఈ మైదానాల్లో ముస్లిం జట్ల చరిత్ర చిన్నదేమీ కాదు. కలకత్తా లీగ్ గెలిచిన మొదటి భారతీయ క్లబ్ మహమ్మడన్ స్పోర్టింగ్. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్లు వాళ్లే గెలిచారు. రోవర్స్ కప్పును మొదట గెలిచిన భారతీయ జట్టు బెంగళూరు ముస్లిమ్స్, 1937లో. డ్యూరాండ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు కూడా మహమ్మడన్ స్పోర్టింగే, 1940లో.

ఆ తర్వాత వంతు హైదరాబాద్‌ది. స్కూలు టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కూడా గెలిచింది, అదీ మోహన్ బగాన్ మీదే. రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలుసు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అంత పెద్ద దిక్కు మళ్లీ దొరకలేదు.

హైదరాబాద్ నుంచి కలకత్తాకు

హబీబ్ 1949 జూలై 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఊళ్లో ఆట బాగా వచ్చిన కుర్రాడికి అప్పట్లో ఒకటే దారి: పోలీస్‌లోనో, మరో డిపార్టుమెంటులోనో చిన్న ఉద్యోగం, ఆ జట్టుకు ఆట. కడుపు నిండేది కానీ ఆటకంటూ విడిగా విలువ ఉండేది కాదు. కలకత్తాలో క్లబ్బులు ఆటకే డబ్బు ఇచ్చేవి. మన కరీంనగర్ జిల్లా కుటుంబాలు గల్ఫ్ బాట పట్టింది కూడా దాదాపు ఆ కాలంలోనే. ఫుట్‌బాల్ తెలిసిన హైదరాబాదీకి కలకత్తాయే దుబాయ్!

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. బెంగాల్ క్లబ్బుల కళ్లు మళ్లీ హైదరాబాద్ మీద పడ్డాయి. 1966లో హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. నయీం వెనుక వరుసలో డిఫెండర్, హబీబ్ ముందు వరుసలో. నాలుగేళ్లకే, 1970లో, నయీం కెప్టెన్‌గా భారత జట్టు బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ జట్టులో హబీబ్ ఉన్నారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తర్వాత మరో పతకం చూడలేదు.

హబీబ్‌ను దేశంలో మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు అంటారు. కారణం ఉంది. ఆటగాళ్లంతా బ్యాంకులోనో, రైల్వేలోనో కొలువు చూసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చే రోజులవి. హబీబ్ ఉద్యోగం వద్దన్నారు. ఆటే పని అన్నారు. ఒక మధ్యతరగతి ముస్లిం ఇంట్లో 'సర్కారీ నౌకరీ వద్దు' అనడం ఎంత మాటో ఈ పేజీ చదివే పెద్దలకు చెప్పక్కర్లేదు. కాలు విరిగితే జీతం లేదు, పెన్షన్ లేదు. ఆయన మైదానంలో ఆడిన తీరులో కూడా ఆ తెగింపే కనబడేది. మనిషి ఎత్తు ఎక్కువ కాదు, భారీ శరీరం కాదు. కానీ బంతి పోయినచోట ఆగిపోయే రకం కాదు. వెనక్కి పరిగెత్తి మళ్లీ గుంజుకునేవారు.

1976లో ఆయన, అక్బర్ మోహన్ బగాన్‌లో ఉన్నారు. ఈస్ట్ బెంగాల్ అప్పటికి 1970 నుంచి 1975 దాకా వరసగా ఆరుసార్లు లీగ్ గెలిచి ఊపు మీదుంది. ఆ వరసకు 1976లో మోహన్ బగాన్ అడ్డుపడింది. ఆ ఏడాది లీగ్‌లో రెండు జట్ల మ్యాచ్ మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్ కొట్టారు. జనం ఇంకా సర్దుకుని కూర్చోకముందే అయిపోయింది. మ్యాచ్ 1-0తోనే ముగిసింది. ఈ రెండు క్లబ్బుల పోరులో అంత తొందరగా పడిన గోల్‌గా అది రికార్డుల్లో ఉంది.

1977: ముందు రెండు దెబ్బలు

1977 జట్టును కాగితం మీద చూస్తే ఓడే జట్టులా లేదు. కోచ్ పి.కె. బెనర్జీ, 1962లో రహీం సాబ్ జట్టులో ఫైనల్ గోల్ కొట్టిన మనిషి. వెనుక సుబ్రత భట్టాచార్య, మధ్యలో గౌతమ్ సర్కార్, ప్రసూన్ బెనర్జీ, ముందు శ్యామ్ థాపా, సుభాష్ భౌమిక్, హబీబ్, అక్బర్. ఇంతమంది ఉన్నా సీజన్ చేదుగా మొదలైంది. ఆ ఏడాదే కొత్తగా పెట్టిన ఫెడరేషన్ కప్ కొచ్చిలో జరిగితే, ఫైనల్‌లో బెంగళూరు ఐ.టి.ఐ. జట్టు 1-0తో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఒక ఫ్యాక్టరీ జట్టు చేతిలో తారల జట్టు ఓడిందన్నమాట. తర్వాత లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ 2-0తో కొట్టింది, లీగ్ టైటిల్ కూడా వాళ్లే పట్టుకుపోయారు.

కలకత్తాలో ఇది మామూలు ఓటమి కాదు. అక్కడ ఇల్లిల్లూ రెండు పక్షాలు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజారులో పులస తమ్ముడైన ఇలిష్ చేపకు గిరాకీ, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు. అట్లాంటి ఊళ్లో ఖరీదైన జట్టు రెండు టైటిళ్లు పోగొట్టుకుంటే ఆటగాడు వీధిలో తల ఎత్తుకుని నడవలేడు.

పెలే వచ్చిన రోజు

సరిగ్గా ఈ సమయంలో న్యూయార్క్ కాస్మోస్ జట్టు కలకత్తాకు వచ్చింది. మోహన్ బగాన్ కార్యదర్శి ధీరేన్ దే పట్టుబట్టి రప్పించారు. పెలే అంటే మూడు వరల్డ్ కప్పులు గెలిచిన మనిషి. ఆయన వెంట 1970 బ్రెజిల్ కెప్టెన్ కార్లోస్ ఆల్బర్టో, ఇటలీ ఫార్వర్డ్ జార్జో కినాలియా కూడా వచ్చారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మ్యాచ్. వానలకు మైదానం చిత్తడిగా ఉంది. ఆట జరుగుతుందా లేదా అన్న అనుమానం కూడా వచ్చింది.

పెలేను కాపు కాసే బాధ్యత గౌతమ్ సర్కార్‌ది. ముందు కార్లోస్ ఆల్బర్టో గోల్ కొట్టారు. అందరూ ఇక వరస గోల్సే అనుకున్నారు. శ్యామ్ థాపా సమం చేశారు. తర్వాత హబీబ్ గోల్ కొట్టి మోహన్ బగాన్‌ను 2-1తో ముందుకు తెచ్చారు. పెలే ఆడుతున్న జట్టు మీద హైదరాబాద్ మనిషి గోల్! చివర్లో కినాలియా పెనాల్టీతో స్కోరు 2-2 అయింది. ఆ పెనాల్టీ ఇవ్వడం తప్పని కలకత్తాలో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

కాస్మోస్ పూర్తి బలంతో రాలేదు. పెలే రిటైర్మెంట్‌కు వారం రోజుల దూరంలో ఉన్నారు, అక్టోబర్ 1న న్యూయార్క్ పక్కన ఆయన వీడ్కోలు మ్యాచ్ ఉంది. బురద మైదానంలో ఆయన కాలు కాపాడుకుని ఆడారన్నది కూడా సమంజసమే. కాబట్టి ఈ డ్రాను ప్రపంచాన్ని గెలిచినట్టు చెప్పుకోనక్కర్లేదు. ఆ మ్యాచ్ చేసిన అసలు పని వేరే. రెండు ఓటములతో కుంగిన జట్టుకు ధైర్యం తిరిగి వచ్చింది.

కొద్ది రోజులకే షీల్డ్ ఫైనల్, ఎదురుగా మళ్లీ ఈస్ట్ బెంగాల్. రెండేళ్ల కింద, 1975 షీల్డ్ ఫైనల్‌లో ఇదే ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో చితక్కొట్టింది. ఆ ఐదు గోల్స్ మచ్చ ఇంకా పోలేదు. ఈసారి శ్యామ్ థాపా గోల్‌తో మోహన్ బగాన్ 1-0తో గెలిచింది. ఆపైన బొంబాయిలో రోవర్స్. ఆ కప్పు మీద హైదరాబాద్ పోలీస్ పేరు ఐదేళ్లు వరసగా చెక్కి ఉంది. ఇప్పుడు హైదరాబాద్ అన్నదమ్ములు మరో ఊరి చొక్కా వేసుకుని దాన్ని అందుకున్నారు. చివరగా ఢిల్లీలో డ్యూరాండ్, ఫైనల్‌లో పంజాబ్‌కు చెందిన జె.సి.టి. మిల్స్ మీద గెలుపు. సీజన్ ముగిసేసరికి లీగ్, ఫెడరేషన్ కప్ పోయాయి, మూడు పాత కప్పులు చేతిలో ఉన్నాయి.

తర్వాత

హబీబ్ 1979లో మహమ్మడన్ స్పోర్టింగ్‌కు, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు, మళ్లీ మోహన్ బగాన్‌కు మారారు. అట్లా మూడు పెద్ద క్లబ్బుల అభిమానులూ ఆయన్ను మావాడే అనుకున్నారు. ఈ మాట చాలా కొద్దిమంది ఆటగాళ్ల విషయంలో చెప్పగలం. 1980లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానేశాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు శిక్షణ ఇచ్చారు. నయీముద్దీన్‌కు శిక్షకుడిగా ద్రోణాచార్య అవార్డు 1990లోనే దక్కింది, ఆటగాడిగా అర్జున మాత్రం 1997 దాకా రాలేదు.

వాళ్ల తరం వెళ్లిపోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ మళ్లీ ఆ ఎత్తు చూడలేదు. షబ్బీర్ అలీ లాంటివాళ్లు వచ్చారు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. అయితే ఆయన కూడా పేరు తెచ్చుకున్నది బొంబాయి, కలకత్తా క్లబ్బుల్లోనే. ఊళ్లో నిలబెట్టుకునే క్లబ్ లేకపోవడం, ఆటకు జీతం ఇచ్చే సంస్థ లేకపోవడం దీనికి ముఖ్య కారణాలు. క్రికెట్ మింగేసిందని అంటుంటారు గానీ, క్రికెట్ పిచ్చి కలకత్తాలోనూ తక్కువేం లేదు.

మర్హూం మొహమ్మద్ హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఇంతికాల్ అయ్యారు. వయసు 74. చివరి ఏళ్లలో జ్ఞాపకశక్తి తగ్గే జబ్బుతో బాధపడ్డారు. రోవర్స్ కప్ 2000-01 తర్వాత ఆగిపోయింది. డ్యూరాండ్ ఇప్పటికీ నడుస్తోంది.