కంప్యూటరు హెచ్చరికలు: కొంత చరిత్ర, కొంత అనుభవం

మన రాష్ట్ర పెన్షనర్లకు జనవరి, ఫిబ్రవరి నెలలు జీవన ధ్రువపత్రాల నెలలు. ఒకప్పుడు ఆ రెండు నెలల్లో సబ్ ట్రెజరీ వరండాలో బల్ల మీద కూర్చుని, మన వంతు వచ్చినప్పుడు గుమస్తా ముందు సంతకం చేసి వచ్చేవాళ్ళం. మనం బ్రతికే ఉన్నామని చెప్పడానికి మనిషి కనిపిస్తే చాలేది. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం 'జీవన్ ప్రమాణ్' ప్రారంభించినది మొదలు ఆ పని క్రమంగా వేలిముద్ర యంత్రానికీ, కంప్యూటరుకూ మారింది. 2021 నవంబరు నుండి సెల్ ఫోనులో ముఖం చూపించినా సరిపోతున్నది. సౌకర్యం పెరిగిన మాట నిజమే. కాని మనకూ పెన్షనుకూ మధ్య ఒక తెర వచ్చి నిలబడింది. ఆ తెర మీద ఎర్ర అక్షరాలు కనబడితే సభ్యులు కంగారు పడుతున్నారు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో, ఈ హెచ్చరికలు ఎక్కడినుండి వచ్చాయో, వీటిలో వేటిని నమ్మాలో, నాకు తెలిసినంతలో వ్రాస్తున్నాను. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. పద్దులు, రిజిస్టర్లు చూచిన గుమస్తాను. ఆ దృష్టితోనే చెబుతాను.

తేదీతో మొదలైన భయం

మన మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2 దాకా కర్నూలు జిల్లాలోనివి. ఆ రోజు ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయినది. ఆ మార్పు నాటి ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు ఒక జిల్లానుండి మరొక జిల్లాకు వెళ్ళినప్పుడు, ఒక్క తేదీ తప్పు పడితే ఎంత ఇబ్బందో పెద్దలు చెప్పేవారు. పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇంక్రిమెంటు తేదీ, రిటైరైన తేదీ: ఉద్యోగి జీవితమంతా తేదీల మీదనే నడుస్తుంది. కంప్యూటరు కూడా అంతేనని మనకు తెలియడానికి 1999 రావలసి వచ్చింది.

పాత కంప్యూటర్లలో స్థలం పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాశారు. 99 తరువాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుందన్నదే 'వై టూ కె' సమస్య. ఆ సవరణ పనుల కోసమే మన తెలుగు యువకులు ఎందరో అమెరికా వెళ్ళారు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం నుండి కూడా పిల్లలు హైదరాబాదు వెళ్ళి కోబాల్ నేర్చుకున్న రోజులవి. అప్పటికే, 1998 నవంబరులో, మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల శాఖలో 'కార్డ్' పథకంతో దస్తావేజులు కంప్యూటరుకెక్కాయి. 2000 జనవరి 1 పెద్ద ప్రమాదం లేకుండా గడిచిపోయింది. ఏమీ జరగలేదు కాబట్టి భయం వృథా అని చాలామంది నవ్వారు. ముందుగా సరిదిద్దినందువల్లనే ఏమీ జరగలేదన్నది ఎక్కువమంది గమనించలేదు.

కరెక్షన్ స్లిప్పుల లెక్క

'అప్‌డేట్' అనే మాట విని బెదిరే మిత్రులకు నేనొక పోలిక చెబుతుంటాను. మన ఆఫీసుల్లో ఫండమెంటల్ రూల్సు, ట్రెజరీ కోడు పుస్తకాలుండేవి గదా. ప్రభుత్వం ఒక రూలు మార్చినప్పుడు పుస్తకమంతా మళ్ళీ అచ్చు వేసేవారు కాదు. కరెక్షన్ స్లిప్పు పంపేవారు. దాన్ని కత్తిరించి, సరియైన పేజీలో జిగురుతో అంటించడం జూనియర్ అసిస్టెంటు పని. అంటించని పుస్తకం చూచి బిల్లు పాసు చేస్తే ఆడిట్ అభ్యంతరం తప్పదు. కంప్యూటరు అప్‌డేట్ అటువంటి స్లిప్పే. యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో బయటపడిన లోపాన్ని సవరించే చీటీ.

1998లో వచ్చిన విండోస్ 98తో ఈ స్లిప్పులను ఇంటర్నెట్టు ద్వారా తెచ్చుకొనే పద్ధతి మొదలైంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2003 ఆగస్టులో 'బ్లాస్టర్' అనే పురుగు ప్రపంచమంతా లక్షలాది కంప్యూటర్లను పట్టుకొన్నది. దానికి కావలసిన స్లిప్పు ఒక నెల ముందే వచ్చి ఉన్నది, అంటించుకొన్నవారు తక్కువ. ఆ సంవత్సరం అక్టోబరు నుండి మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రతినెలా రెండవ మంగళవారం సవరణలు విడుదల చేసే నియమం పెట్టుకొన్నది. అమెరికా లెక్క గనుక మనకు బుధవారం నాడు చేరుతాయి. నెలకొకసారి మీ యంత్రం 'రీస్టార్ట్' అడుగుతున్నదంటే కారణం ఇదే.

స్లిప్పు అంటించకపోతే

ఈ నిర్లక్ష్యం ఖరీదెంతో 2017 మే 12న తేలింది. 'వాన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము కంప్యూటర్లలోకి చొరబడి, ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు కట్టమని తెర మీద నోటీసు పెట్టింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా యంత్రాలు దెబ్బ తిన్నాయి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల్లోని కంప్యూటర్లు కూడా దీని పాలబడినట్లు అప్పుడు పత్రికలు వ్రాశాయి. దీన్ని అడ్డుకొనే సవరణ 2017 మార్చి 14ననే విడుదలైంది. రెండు నెలల వ్యవధి ఉండినది. విండోస్ ఎక్స్‌పీ అనే పాత సిస్టమ్‌కు 2014 ఏప్రిల్ 8తోనే సవరణలు ఆగిపోయినా, ఈ ఉపద్రవం చూచి ఆ సంస్థ దానికి కూడా ప్రత్యేకంగా ఒక సవరణ ఇచ్చింది.

2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇదే తరహా దాడికి గురయ్యాయి. అప్పుడు మన ప్రకాశం జిల్లా తిరుపతి కేంద్రంగా గల సంస్థ పరిధిలోనే ఉండేది. కనుక ఇది ఎక్కడో అమెరికా ముచ్చట కాదు. మన కరెంటు బిల్లు దాకా వచ్చిన వ్యవహారం.

మందే వికటించిన సందర్భాలు

స్లిప్పే తప్పుగా అచ్చయిన సందర్భాలు లేకపోలేదు. న్యాయంగా అవి కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 సవరణ కొందరి కంప్యూటర్లలో దాచుకొన్న ఫైళ్ళను చెరిపివేసింది. నాలుగు రోజుల్లో దాన్ని ఆపివేసి, సరిచేసి నవంబరులో మళ్ళీ ఇచ్చారు. 2024 జనవరిలో వచ్చిన మరొక సవరణ ఎన్నో ఇళ్ళలో అంటుకోలేదు. దానికి డిస్కులోని 'రికవరీ' భాగంలో 250 మెగాబైట్ల ఖాళీ అవసరం కాగా, పాత యంత్రాల్లో అంత చోటు లేకపోయింది. తెర మీద మాత్రం 'సున్నా ఎక్స్ 80070643' అనే అర్థంకాని అంకె ఒకటి కనిపించేది. వైరసేమోనని భయపడినవారు నాకు తెలుసు. అది కేవలం చోటు చాలని గొడవ.

2024 జూలై 19 సంగతి అందరికీ జ్ఞాపకమే. 'క్రౌడ్‌స్ట్రైక్' అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి. గంటన్నర లోపే ఆ ఫైలును వెనక్కి తీసుకొన్నా, అప్పటికే ఆగిన యంత్రాలను మనుషులే వెళ్ళి ఒక్కొక్కటిగా సరిచేయవలసి వచ్చింది. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. ఆ ఫొటో చూచి మన పాత గుమస్తాలు సంతోషించారంటే తప్పు లేదు! ఆ సాఫ్ట్‌వేరు పెద్ద సంస్థలు వాడేది కనుక ఇళ్ళలోని కంప్యూటర్లకు ఆ బాధ కలుగలేదు.

ఈ మూడు ఉదంతాల వల్ల నేర్చుకోవలసినది అప్‌డేట్ మానడం కాదు. ముందు నకలు తీసి పెట్టుకోవడం. ముఖ్యమైన కాగితాల స్కానులు, ఫొటోలు విడిగా ఒక పెన్ డ్రైవులో ఉంటే ఏ సవరణ వికటించినా నష్టం లేదు.

బిళ్ళ సెల్లు కథ

మా పరిచయస్తుల కార్యాలయంలో కొన్నేళ్ళ క్రితం జరిగినది చెబుతాను. జీవన ధ్రువపత్రాల రద్దీ రోజులు. ఒక ఉదయం కంప్యూటరు తెరిస్తే ఏ వెబ్‌సైటుకు వెళ్ళినా 'మీ కనెక్షను సురక్షితం కాదు' అన్న హెచ్చరిక. అప్‌డేట్ చేయబోతే అదీ విఫలం. బయట పది మంది వృద్ధులు, ఇద్దరు కర్రల సాయంతో వచ్చినవారు. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు చూచి, వైరసు పట్టింది, అంతా తుడిచి కొత్తగా వేయాలన్నాడు. అందులో చనిపోయిన సభ్యుల కుటుంబ పెన్షను కాగితాల నకళ్ళు ఏళ్ళ తరబడి పేరుకొని ఉన్నాయి. తుడిస్తే అవి పోతాయి.

నేను తెర మూలకు చూచాను. తేదీ 2009 జనవరి 1 అని ఉన్నది.

కారణం చిన్నది. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవడానికి కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటుంటుంది. 2032 నంబరు సెల్లంటారు. అది అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా యంత్రం తన పాత తేదీకి వెళ్ళిపోతుంది. మన పశ్చిమ ప్రాంతంలో కరెంటు కోతలు, లో వోల్టేజీ కొత్త కాదు గదా. ఇక ప్రతి వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు చెల్లుబాటు అని అందులో ఉంటుంది. 2009లో ఉన్నాననుకొనే యంత్రానికి అది ముందు తేదీ వేసిన చెక్కులాగా కనిపిస్తుంది. ముందు తేదీ చెక్కును మన ట్రెజరీ ఎలా తిరస్కరిస్తుందో, యంత్రమూ అలాగే తిరస్కరించింది. తేడా మరీ ఎక్కువైతే గడియారం దానంతటది సరిచేసుకోదు. తేదీ, సమయం చేత్తో సరిచేయగానే హెచ్చరికలు పోయాయి. నలభై రూపాయల సెల్లు మార్చాము. మధ్యాహ్నానికి ఆ పది మంది పనులూ అయిపోయినవి. కాగితాలు దక్కినవి.

అప్‌డేట్ విఫలమైనప్పుడు నేను వరుసగా చూచేవి ఇవి. మొదట తేదీ, సమయం. రెండవది డిస్కులో ఖాళీ. కనీసం 20 గిగాబైట్లయినా ఉంటే మంచిది. మూడవది నెట్టు, కరెంటు నిలకడ. యు.పి.ఎస్. లేని యంత్రానికి కోత వేళల్లో అప్‌డేట్ పెట్టకూడదు. మధ్యలో ఆగినట్లు కనిపించినా గంట, రెండు గంటలు ఓపిక పట్టాలి, స్విచ్చి కట్టేయరాదు. నాల్గవది ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్ళీ ప్రయత్నించడం. అప్పటికీ కాకపోతే తెర మీది అంకెను కాగితం మీద వ్రాసుకొని తెలిసినవారికి చూపాలి. 'పని చేయడం లేదు' అంటే వారికేమీ తెలియదు. ఆ అంకె చెబితే రోగం తెలుస్తుంది.

నకిలీ హెచ్చరికలు

అసలు ప్రమాదం ఇక్కడున్నది. నిజమైన హెచ్చరికలకు జనం అలవాటు పడ్డాక, దొంగలు నకిలీ హెచ్చరికలు తయారుచేశారు. గిద్దలూరు వైపు ఒక కుటుంబ పెన్షనరు తల్లి ఇంట్లో తెర నిండా ఎరుపు, చెవులు పగిలే మోత, 'మీ బ్యాంకు వివరాలు దొంగిలించబడుతున్నవి, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అని వచ్చింది. ఆమె ఫోను చేసింది. అవతలివాడు మర్యాదగా 'మేడమ్' అంటూ, ఒక ప్రోగ్రాము వేసుకొమ్మన్నాడు; వేసుకొంటే ఆమె కంప్యూటరు వాడి చేతిలోకి పోతుంది. బ్యాంకు తెరవమన్నాడు. భర్త గ్రాట్యుటీ సొమ్ము అందులోనే డిపాజిటుగా ఉన్నది. అదే సమయానికి పక్కింటి అబ్బాయి వచ్చి, 'పెద్దమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావు?' అని అడిగి, ప్లగ్గు పీకేశాడు. సొమ్ము నిలిచింది. నెల రోజులు ఆమె ఆ గదిలోకి వెళ్ళలేదు.

ఇది పెద్ద వ్యాపారం. 2023 అక్టోబరులో సి.బి.ఐ. వారు 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో దేశంలో 76 చోట్ల సోదాలు చేసినప్పుడు, కంప్యూటరు సహాయం పేరిట విదేశీయులను మోసగించే కాల్ సెంటర్లు కూడా బయటపడ్డాయి. వారిలో చాలామంది బాధితులు మన వయసువారే.

గుర్తుపట్టడానికి ఒక్క సూత్రం చాలు. నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. మోత చేయదు, డబ్బు అడగదు, తొందర పెట్టదు. ఫోను నంబరు కనిపిస్తే అది దొంగదే. ప్లగ్గు తీసివేయండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరగా

విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇళ్ళలో వాడేవారు నమోదు చేసుకొంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇస్తామని సంస్థ ప్రకటించింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 పట్టదు. అటువంటి యంత్రం పనికిరానిదని కాదు. దానిలో బ్యాంకు పనులు, పెన్షను పనులు మాత్రం చేయకుండా ఉండటం మంచిది. పాటలకు, ఉత్తరాలు టైపు చేయడానికి వాడుకోవచ్చు.

సర్వీసులో ఉన్నప్పుడు ఏ కాగితం వచ్చినా మనం మూడు చూచేవాళ్ళం: ఎవరు పంపారు, ఏ తేదీతో పంపారు, ఏమి అడుగుతున్నారు. తెర మీద వచ్చే కాగితానికీ ఆ మూడే. ఇళ్ళలోని పిల్లలు, మనుమలు ఈ వ్యాసం చదివి పెద్దలకు ఒక్కసారి చేసి చూపితే సంతోషం. ఇంట్లో ఒంటరిగా ఉన్న సభ్యులు, ముఖ్యంగా కుటుంబ పెన్షనరు సోదరీమణులు, సందేహం వస్తే మొహమాటపడకుండా సంఘ కార్యాలయానికి రండి. సర్వీసులో మన బిల్లులన్నీ మరొకరు సరిచూచినవే; ఇప్పుడు ఒకరినొకరు అడగడంలో తప్పేమీ లేదు.