పాటా, పోలీసూ, ప్రజలూ

విద్వేషం పాటరూపంలో వీధికెక్కినప్పుడు అధికారులేం చెయ్యాలి? 'నిషేధించాలి' అని మన మిత్రులు కొందరు తటాలున జవాబు చెబుతారు. ఆ మాట అనేముందు మన చరిత్రను ఒకసారి తిరగెయ్యడం అవసరం.

1943లో అవతరించిన ప్రజానాట్యమండలి బుర్రకథను రైతుకూలీల గొంతుగా మలిచింది. కథకునికి ఇరుపక్కలా నిలిచే వంతలలో ఒకరు హాస్యం చెబుతారు; మరొకరు రాజకీయం చెబుతారు. ఆ రాజకీయ వంత జమీందారునూ, వడ్డీవ్యాపారినీ, అధికారినీ నిలదీశాడు. పాలకులకు కంటగింపైనది ఆ ప్రశ్నే. సుంకర, వాసిరెడ్డి గార్ల 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది; బుర్రకథ దళాలు నిర్బంధాన్ని చవిచూశాయి. మా పెదవేగి, ఏలూరు ప్రాంతమంతా అప్పుడు ఆ ప్రభుత్వపు ఏలుబడిలోనిదే. విదేశీ పాలకులు 1876లో చేసిన నాటక ప్రదర్శనల చట్టం స్వతంత్ర భారతంలోనూ డెబ్బయ్యేళ్లు బతికి, 2018లోగాని రద్దు కాలేదు. నిషేధమనే కత్తి ఎవరి మెడమీద పడిందో దీనివల్ల విదితమవుతున్నది.

ఇక రెండవ పక్షం చూద్దాం. 2022 ఏప్రిల్‌లో హైదరాబాదు శ్రీరామనవమి శోభాయాత్రలో రెచ్చగొట్టే పాట పాడారన్న ఆరోపణపై గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్‌పై పోలీసులు కేసు నమోదు చేశారు. 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా, మతంతో నిమిత్తం లేకుండా విద్వేష ప్రసంగాలపై కేసులు పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసు కమిషనర్ మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. ఆ ఉత్తర్వుకు మూలం శబ్దం వల్ల జనం పడే బాధ. మంచిదే. కాని చప్పుడును కొలిచే యంత్రం పాటలోని విషాన్ని కొలవలేదు గదా! మెల్లగా పాడినా బెదిరింపు బెదిరింపే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. జర్మనీలోని థేమార్ అనే చిన్న ఊరిలో 2017 జులైలో నయా నాజీల సంగీతోత్సవానికి దాదాపు 6,000 మంది చేరారు. స్థానికాధికారులు దానిని రాజకీయ సభగా గుర్తించ నిరాకరించారు, న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. సభాస్వాతంత్ర్యం పేరుతో ఉత్సవం జరిగింది. 2019 జూన్‌లో ఓస్ట్రిట్స్ ఊరిలో అటువంటి ఉత్సవమే జరిగినప్పుడు పద్ధతి మారింది. ఉత్సవాన్ని ఆపలేదు, అక్కడ మద్యం కూడదన్నారు, పోలీసులు 4,000 లీటర్లకు పైగా బీరు పట్టుకున్నారు. ఊరిజనం అంతటితో ఊరుకోక, అంగడిలోని బీరు తామే కొనేసి, వచ్చినవారి గొంతు తడవకుండా చేశారు! చట్టం చెయ్యగలిగింది చట్టం చేసింది. మిగిలింది జనం చేశారు.

అందుచేత నేననేదేమంటే: బలవంతుణ్ణి నిలదీసే పాటా, బలహీనుణ్ణి బెదిరించే పాటా ఒకటి కావు. రెంటినీ 'శాంతిభద్రతలు' అనే ఒకే గాటకు కట్టే అధికారం పోలీసులకిస్తే, ముందుగా మూగబోయేది మొదటి పాటే. మనం కోరవలసింది విశాలమైన నిషేధాధికారం కాదు. ఒక మతంవారిని ఊరు విడిచిపొమ్మనే, వారిపై దాడికి పురికొల్పే పాట ఏ జెండా కింద వినిపించినా వెంటనే కేసు, సకాలంలో విచారణ కావాలి. ఊరేగింపు దారి, వేళ, ఆయుధాల విషయంలో అందరికీ ఒకే నియమం ఉండాలి.

ఇంతమాత్రాన మన బాధ్యత తీరిపోదు. ఈనాడు విద్వేషగానం లారీమీది పెట్టెలోంచి వస్తుంది. దానికి ఎదురు ప్రశ్న వెయ్యడానికి పక్కన వంత లేడు. ఆ స్థానం ఖాళీగా ఉన్నంతకాలం ఎన్ని కేసులు పెట్టినా వీధి వారిదే అవుతుంది. కళాశాలల్లో, గ్రామాల్లో ఆ వంతను మళ్లీ నిలబెట్టడం ఉపాధ్యాయులుగా, విద్యార్థులుగా మనం తలకెత్తుకోవలసిన పని.